ఆ చేతికి అనుమతి ఎవరిచ్చారు?

ఎంబీబీఎస్ పూర్తిచేసి అమెరికా రెసిడెన్సీ మీద ఆశ పెట్టుకున్న మన పిల్లలు అక్కడి ఆసుపత్రిలో నెలో రెండు నెలలో అబ్జర్వర్‌షిప్ చేస్తారు. పేరుకు తగ్గట్టు చూడటం వరకే పని. రౌండ్స్‌లో అందరికన్నా వెనక నిలబడాలి. రోగి నాడి పట్టకూడదు, కేస్ షీట్‌లో ముక్క రాయకూడదు. ఇక్కడ హౌస్ సర్జన్‌గా రాత్రంతా లేబర్ రూములో కాన్పులు చేసిన చేతులైనా అక్కడ కట్టుకుని నిలబడాల్సిందే. దీన్ని నేను తప్పు పట్టను. లైసెన్సు లేనివాళ్లు తమ రోగిని తాకకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు, అది రోగి మేలుకే. మరి అమెరికా నుంచో బ్రిటన్ నుంచో నాలుగు వారాల పోస్టింగ్‌కు పేద దేశాల ఆసుపత్రులకు వచ్చే విద్యార్థుల విషయంలో ఆ నియమం ఏమైపోతోంది? సొంత కాలేజీలో సీనియర్ పక్కన లేనిదే సూది పట్టనివ్వని విద్యార్థి, డాక్టర్లు చాలని వార్డులో ఒంటరిగా గాయానికి కుట్లు వేయడానికి సిద్ధపడతాడు. ఈ బెడద నిజం కాబట్టే 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్ ఇలాంటి శిక్షణకు నైతిక మార్గదర్శకాలు ప్రచురించింది. ఆతిథ్యమిచ్చే ఆసుపత్రి మీద పడే ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలని వాటిలో ఉంది.

అసలు డాక్టరే లేనిచోట సగం నేర్చిన చెయ్యైనా మేలే కదా అంటారు. భూకంపం వచ్చిన రోజు ఆ మాట చెల్లుతుంది, మామూలు రోజుల్లో కాదు. పోస్టింగ్‌కు వచ్చినవాడికి ఆ ఊరి భాష రాదు. రోగికి ఎక్కడ నొప్పో చెప్పడానికి ఒక నర్సు తన పని ఆపి దుబాసీగా నిలబడాలి. ఉన్న ఒక్క డాక్టరూ అతణ్ని కనిపెట్టుకుని ఉండాలి. కుట్లు విప్పే రోజున గాయం చీము పట్టి ఉంటే, వేసినవాడు అప్పటికే విమానం ఎక్కి ఉంటాడు.

దీన్ని సవ్యంగా నడిపిన చోటు కెన్యాలోని ఎల్డొరెట్. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం, ఎల్డొరెట్‌లోని మోయి విశ్వవిద్యాలయం 1989లో చేతులు కలిపాయి. ఇండియానా అధ్యాపకులు ఎల్డొరెట్‌లోనే కాపురం ఉంటారు కాబట్టి వచ్చిన విద్యార్థికి పైన పెద్దదిక్కు ఉంటుంది. మోయి విద్యార్థులూ ఇండియానాపొలిస్ వెళ్లి పోస్టింగ్ చేస్తారు. 2000లో ఎల్డొరెట్ వార్డులో ఎయిడ్స్‌తో చిక్కిశల్యమై పడి ఉన్న రోగి మోయి వైద్య విద్యార్థేనని అక్కడే కాపురమున్న ఒక అమెరికా వైద్యుడు గుర్తుపట్టారు. మందులు తెప్పించి బతికించారు. ఆ మరుసటి ఏడే పుట్టిన ఆంపాత్ పథకం కెన్యాలో పెద్ద హెచ్‌ఐవీ చికిత్సా వ్యవస్థగా ఎదిగింది. నాలుగు వారాలకు వచ్చిపోయేవారికి ఆ ముఖం గుర్తుండేదా?

చెయ్యి వేయనివ్వకపోతే వాళ్లేం నేర్చుకుంటారన్నది మరో అభ్యంతరం. చూసి నేర్చుకునేదీ చాలా ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, పసికందులను కాపాడారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ ప్రచురించింది. ఆ పద్ధతి ఎలా పుట్టిందో, ఊరు దాన్ని ఎలా నమ్మిందో ఆ కార్యకర్తల వెంట తిరిగి తెలుసుకుంటే చాలు, ఒక్క సూదీ గుచ్చనక్కర్లేదు. చెయ్యి వేయొద్దని, బదులుగా మనవాళ్లకూ చోటివ్వాలని షరతులు పెడితే విదేశీ కాలేజీలు మొహం చాటేస్తాయని, వాటితో వచ్చే పరికరాలూ నిధులూ పోతాయని భయపడేవారున్నారు. ఎల్డొరెట్ బంధం మూడు దశాబ్దాలు దాటింది, తెగలేదు.

విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల పెద్దలకు నా విన్నపం ఇది. విదేశీ కాలేజీతో ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా అందులో రెండు వాక్యాలు రాయించండి. వచ్చే విద్యార్థి తన దేశంలో చేయకూడని పని ఇక్కడా చేయకూడదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ బదులుగా మన విద్యార్థి ఒకరికి అక్కడ చోటు, దారి ఖర్చులతో సహా, ఇవ్వాలి.