పాతిక కిలోమీటర్ల ఉద్యోగం

ఉస్మానియా క్యాంపస్‌లో తెల్లవారుజామున నడిచేవాళ్లు రెండు రకాలు. తార్నాక, హబ్సిగూడల నుంచి వచ్చే పెద్దవాళ్లు డాక్టరు చెప్పాడు కాబట్టి నడుస్తారు. మధ్యమధ్య చెట్ల కింద ఆగి మోకాళ్ల నొప్పుల గురించీ, అమెరికాలో ఉన్న మనవల గురించీ మాట్లాడుకుంటారు. రెండో రకం హాస్టల్ పిల్లలు. వాళ్లు ఆగరు. ఆర్ట్స్ కాలేజీ ముందు మనల్ని దాటిపోయినవాడే కాసేపటికి మళ్లీ ఎదురొస్తాడు, గడియారం చూసుకుంటూ. అది పరుగూ కాదు, మామూలు నడకా కాదు.

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి మగపిల్లలు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, ఆడపిల్లలు 16. రాతపరీక్ష గట్టెక్కినా ఈ నడక తప్పదు. 2017లో టీఎస్‌పీఎస్సీ 1,857 బీట్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రీడింగ్ రూములో పొద్దుపోయేదాకా కూర్చున్న పిల్లలు తెల్లారేసరికి రోడ్డెక్కేది ఇలాంటి కొలువుల కోసమే.

ఇంత నిజాయితీ ఉన్న పరీక్ష మరొకటి లేదేమో. చాలా కొలువుల్లో పరీక్షలో అడిగేదానికీ తర్వాత చేసే పనికీ పొంతన ఉండదు. ఇక్కడ అడిగేదే పని. ఉద్యోగం వచ్చాక కూడా కాలికి బలపం కట్టుకుని తిరగడమే, కాకపోతే తారు రోడ్డు ఉండదు.

నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. మ్యాపులో గీసిన ఆ గీతను నేల మీద నిలబెట్టేది బీట్ ఆఫీసర్లూ, బేస్ క్యాంపుల్లో కాపురముండే వాచర్లూ. వాచర్లలో చాలామంది చెంచులు. పొద్దున్నే బయల్దేరి వేటగాళ్లు పెట్టిన ఉచ్చులు వెతికి తీసేస్తారు. తడిమట్టిలో పులి అడుగు పడిందేమో చూస్తారు. ఎండాకాలం తొట్లలో నీళ్లున్నాయో లేదో కనిపెట్టుకుంటారు. నిప్పు పాకకుండా ఎండుటాకు ఊడ్చి ఫైర్‌లైన్లు తీస్తారు. అడవి మన పిల్లలకు పాఠం, మనకు విహారం. వాళ్లకు మాత్రం పొద్దున్నే చేయాల్సిన ఇంటిపని లాంటిది. చేసినన్నాళ్లూ ఎవరికీ కనపడదు, ఒక్కరోజు మానేస్తే తెలుస్తుంది.

ఈ వాచర్లలో ఎక్కువమంది పర్మనెంట్ ఉద్యోగులు కారు. జీతం నెలల తరబడి రాలేదన్న వార్త పేపర్లో లోపలి పేజీలో చిన్నగా వస్తుంటుంది. రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లవి. అప్పుడు కిరాణా కొట్టువాడి దయే ఆధారం.

క్యాంపస్ దాటి హబ్సిగూడ వైపు కాస్త వెళ్తే సీసీఎంబీ వస్తుంది. చిన్న మాంసం ముక్క దొరికినా, అది ఏ జంతువుదో డీఎన్‌ఏ చూసి తేల్చే పద్ధతిని రూపొందించిన సంస్థ. వేట కేసుల్లో అది కోర్టు ముందు నిలబడే సాక్ష్యం. అంత గొప్ప విద్యకూ మొదటి మెట్టు అడవిలోనే ఉంది. అక్కడ ఎవరో ఒకరు వంగి ఆ ముక్కను చూడాలి, జాగ్రత్తగా సంచిలో వేసి తేవాలి.

వనస్థలిపురంలోని హరిణ వనస్థలికి మనమంతా పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లమే. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు, ఇప్పుడు కృష్ణజింకల నేషనల్ పార్కు. జింకలు కనపడ్డాయా అని పిల్లల్ని అడుగుతాం. వాటిని కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరికీ గుర్తుండడు.

ఇది మన ఒక్కచోటి సంగతి కాదు. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో నేషనల్ పార్కుల ఉద్యోగులను వెయ్యిమంది దాకా తీసేశారు. మన పిల్లలు ఫొటోలు దిగి పంపే యోసెమిటీలో ఎల్ కాపిటాన్ కొండ మీద నుంచి కొందరు తమ దేశ జెండాను తలకిందులుగా వేలాడదీశారు. ఆపదలో ఉన్నామని చెప్పడానికి వాళ్ల పద్ధతి అది. మన వాచరు దగ్గర అంత ఎత్తు కొండా లేదు, కెమెరాలూ లేవు.

ఆకురాలే కాలమూ అసెంబ్లీ బడ్జెట్ కాలమూ మన దగ్గర ఇంచుమించు కలిసే వస్తాయి. ఫిబ్రవరి దాటితే నల్లమలలో అగ్గి భయం మొదలు. మనుషులు ఎక్కువ కావాల్సిందీ అప్పుడే. సభలో రోడ్ల కోసం, కరెంటు కోసం, నీళ్ల కోసం మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు, ఉండాలి కూడా. అటవీ శాఖ పద్దు వచ్చినప్పుడు మన సభ్యులను చనువుగా ఒక్కటి అడగాలనిపిస్తుంది. ఎక్కడైనా కోత తప్పదనుకుంటే, అడవిలో నడిచేవాళ్ల జీతాల జోలికి మాత్రం వెళ్లకండి. సఫారీ జీపు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. వాచరు ఇంట్లో ఈ నెల బియ్యం ఈ నెలే కొనాలి.