ఒక భయానక క్రీడ: గుణదోష విచారము

భయమును రూకలిచ్చి కొనితెచ్చుకొనువారు లోకమున నుందురా యని మనలో ననేకులకు సందేహము. ఉందురు. 1996లో జపానుదేశపు క్యాప్‌కామ్ సంస్థవారు ప్లేస్టేషన్ యంత్రమునకై వెలువరించిన "రెసిడెంట్ ఈవిల్" అను వీడియో ఆటను లక్షలకొలది జనులు కొని, గది తలుపులు మూసికొని, వణకుచు ఆడిరి. స్వదేశమున దాని పేరు "బయోహజార్డ్". నిర్మాణమునకు దర్శకత్వము వహించినవారు షింజీ మికామి. ప్రాణము దక్కించుకొనుటయే పరమార్థముగాగల ఇట్టి ఆటలకు "సర్వైవల్ హారర్" అను పేరు దీనితోనే వ్యాప్తికి వచ్చినది.

మా యక్కగారి కుమారుడు కళాశాల సెలవులలో ఆ పాత యంత్రమును మైపాడు దారిలోనున్న మా యింటికి తెచ్చెను. మా వారు ఉపాధ్యాయులు. చూడకుండగనే "దానిని అటక యెక్కింపుడు" అనిరి. 13 ఏండ్ల మా అమ్మాయి తలుపుచాటున నిలిచి తొంగిచూచుచుండెను. ఒక వస్తువును నిషేధింపవలెనన్నను దాని స్వరూపము తెలియవలయును గదా యని మేము నాలుగు రాత్రులు ప్రక్కన కూర్చుండి చూచితిమి. కొంత ఆడితిమి కూడ.

కథ చిన్నది. అమెరికాలో రకూన్ సిటీ యను కల్పిత నగరమునకు చేరువ నడవిలో నొక మేడ. దాని క్రింద రహస్య ప్రయోగశాల. అందుండి వెలువడిన విషక్రిమివలన మృతులు లేచి తిరుగుచుందురు. విచారణకు వచ్చిన రక్షకభటులలో జిల్ అను యువతిగా గాని క్రిస్ అను యువకుడుగా గాని మనము ఆ మేడ ప్రవేశించి, ప్రాణములతో బయటపడవలయును.

ఇందు మమ్ము మొదట ఆకర్షించినది పొదుపు. నవ్వకుడు. జిల్ సంచిలో 8 వస్తువులకే చోటు, క్రిస్ సంచిలో 6 వస్తువులకే. తుపాకి, తూటాలు, తాళపుచెవి, మూలిక - ఇంతలోనే సంచి నిండవచ్చును. తూటాలు మితము. ఎదురైన ప్రతి శవమును కాల్చువాడు తుదకు రిక్తహస్తుడగును; కావున ఎవనిని కాల్చవలయును, ఎవనిని తప్పించుకొని పోవలయును అని అడుగడుగున లెక్క చూచుకొనవలయును. పచ్చమూలిక గాయమును కొంత మాన్పును. ఎఱ్ఱమూలికతో కలిపినచో పూర్తిగ మాన్పును. ఎఱ్ఱది ఒంటిగ నిష్ప్రయోజనము. నీలిమూలిక విషమునకు విరుగుడు. జరిగిన ఆటను భద్రపఱచుకొనుటకు సైతము టైపుయంత్రము చెంతకు పోయి ఒక సిరాపట్టీ వ్యయము చేయవలయును. ఆ పట్టీలును కొలదియే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటుటకు ముందు మన నెల్లూరు తీరమంతయు వానలో నానినప్పుడు, ఇంట కొవ్వొత్తులెన్ని, అగ్గిపుల్లలెన్ని, బియ్యమెన్ని దినములకు వచ్చునని లెక్కించిన గృహిణికి ఈ యాటలోని భయము క్రొత్తది కాదు. అది దయ్యమువలన కలుగు భయము కాదు, డబ్బా అడుగు కనబడుటవలన కలుగునది. మగపిల్లవాడు తూటాలు వెదజల్లి మొదటి గంటలోనే చచ్చెను. మేము మూడు మూలికలును ఒక పెట్టె తూటాలును మిగుల్చుకొని ముందునకు పోవుచుండగ, "పిన్నీ, నీవింత పిసినారివని తెలియదు" అనెను.

చూపును దాచుట మఱియొక నేర్పు. ప్రతి గదియు ముందే చిత్రించిన పటమువలె నిలుకడయైన కోణమునుండియే కనబడును. మలుపు ఆవల నున్నది పాత్రకు కనబడవలసినదైనను మనకు కనబడదు. ఈడ్చు అడుగుల చప్పుడు మాత్రము వినబడును. 1992లో ఫ్రెంచివారి "అలోన్ ఇన్ ది డార్క్" అను ఆట ఈ పద్ధతిని ముందే చూపినను, ఇందు అది పండినది. మన నెల్లూరి తిక్కన సోమయాజి విరాటపర్వములోని నర్తనశాలను తలచుకొనుడు. ఆ చీకటిలో శయ్యపై నున్నదెవరో కీచకునకు తెలియదు, మనకు తెలియును. కావున మనకు వేడుకయేగాని భయము లేదు. ఈ యాటవారు మనలను కీచకుని స్థానమున నిలిపినారు.

ఒక నడవలో కిటికీ అద్దములు పగులగొట్టుకొని కుక్కలు లోనికి దూకును. ఆ పిదప ఏ కిటికీని చూచినను గుండె దడదడలాడును. పెక్కు కిటికీలనుండి ఏమియు రాదు. గది మాఱునప్పుడెల్ల తెర నల్లబడి ఒక్క తలుపు మాత్రమే మెల్లగ తెఱచుకొనుట కనబడును. యంత్రము తరువాతి గదిని సిద్ధపఱచుటకు పట్టు కాలమును కప్పిపుచ్చుటకే ఆ తలుపు. అయినను చూచువారికి ఊపిరాడదు.

ఇక దోషములు. భరతముని భయానకమును వేఱు, బీభత్సమును వేఱు రసములుగ చెప్పెను. ఒకదానికి స్థాయి భయము, రెండవదానికి జుగుప్స. ఈ యాటవారు ఆ హద్దు నెఱుగరు. మొదటి శవము ఒకనిని తినుచు మెల్లగ తల త్రిప్పి మనవంక చూచును. ఆ తల త్రిప్పుట చాలియుండెడిది. ఆ నెత్తురంతయు ఏల? పైగా పిలువని హాస్యరసము వచ్చి పీట వేసికొని కూర్చుండును. పాత్రల ఆంగ్ల సంభాషణ, పాఠము మఱచిన వీధినాటకపు వేషగాని పలుకువలె నుండును. తోటివాడు చచ్చిపడిన చోట వారు మాటలాడుచుండగ తలుపుచాటున మా అమ్మాయి కిలకిల నవ్వెను.

నడక దోషమో గుణమో యని మాలో వాదమైనది. పైమీట నొక్కిన పాత్ర తాను చూచుచున్న దిక్కునకే నడచును. తిరుగవలెనన్న ఎద్దులబండి మలుపినట్లు తిరుగవలయును. ఈ మందగమనమే భయమును పెంచునని పిల్లవాని వాదము. చూపు కోణము మాఱినను దిక్కు తప్పదను సౌకర్యము కలదన్నమాట నిజమే. అయినను భయము శత్రువువలన కలుగవలెను గాని మన కాళ్లవలన కాదని మేమంటిమి.

గృహిణికి అన్నిటికంటె కష్టమైనది వేఱొకటి. ఆటను కాసేపు నిలుపవచ్చును గాని, టైపుయంత్రము దొరకనిదే భద్రపఱచి లేచుటకు వీలులేదు. అన్నము చల్లారుచుండగ "ఇంకొక్క గది" అని జవాబు. ఒక సాయంకాలము గాలివానకు కరెంటు పోయి రెండు గంటల శ్రమ నీళ్లపాలయ్యెను. పిల్లవాడు ఆ పూట కంచము ముట్టలేదు. పొదుపు నేర్పుట వేఱు, కూడబెట్టినది తుడిచిపెట్టుట వేఱు.

2002లో మికామిగారే దీనిని గేమ్‌క్యూబ్ యంత్రమునకై తిరుగ నిర్మించిరి. పలుకులు బాగుపడినవి. అందు కూలిన శవమును కాల్చక విడిచినచో అది తరువాత మఱింత వేగముతో లేచి వచ్చునట. కాల్చుటకు కిరసనాయిలు కావలయును, అదియు కొలతకే దొరకును! 2015లో మెఱుగుపెట్టిన ప్రతిలో నడక పద్ధతిని ఎంచుకొను వీలును కల్పించిరి. కొనదలచిన తల్లులు ఆ ప్రతినే కొనుట మేలు.

అమెరికాలో ఈ యాటను 17 ఏండ్లు నిండినవారికే తగినదని నిర్ణయించిరి. నాలుగవ రాత్రి మా అమ్మాయి పెరటిలోనికి ఒంటిగ పోజాలక దీపము పట్టుకొని రమ్మని మమ్ము లేపెను. మఱునాటినుండి పిల్లవాడు పగటివేళ తలుపు వేసికొని ఆడుటయు, అమ్మాయి ఆ గదికి పోకుండుటయు ఏర్పాటయ్యెను. మా వారు అటక మాట మరల ఎత్తలేదు. మేడనుండి బయటపడిన విధము తెలియవలెనని ఆమె పట్టుబట్టగా నోటితో చెప్పుదుమంటిమి. క్రిస్ కథ వలదు, జిల్ కథయే చెప్పవలెనన్నది.