పది లక్షల్లో ఒకడు

మొన్న తనకల్లు వెళ్తే టీ అంగడి దగ్గర మా చిన్నాయన తేల్చేశాడు. "డీఎన్ఏ కలిసిందంటే ఇంకేముందిరా, వాడే!"

బగ్గులు వెతుక్కుని బతికేవాణ్ణి, ఊరుకోలేకపోయాను. సంబంధం లేనివాడితో నమూనా కలిసే అవకాశం పది లక్షల్లో ఒకటి అనుకుందాం. మనం దాన్ని 'వీడు నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి' అని చదివేస్తాం. రెండూ ఒకటి కాదండీ! 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. అంటే దాదాపు 85 మందికి అది కలవొచ్చు. వేరే సాక్ష్యం లేకపోతే వాళ్ళలో ఎవరని?

ఇంగ్లండులో శాలీ క్లార్క్ ఇద్దరు పసిపిల్లలు చనిపోతే, అలా సహజంగా జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒకటని డాక్టరు చెప్పాడు. ఒక మరణానికి రెండోదానితో సంబంధమే లేనట్టు గుణించేశాడు మహానుభావుడు. 1999లో జైలు. ఆ అంకెకు ఆధారం లేదని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ 2001లో చెప్పింది. ఆవిడ బయటపడింది 2003లో.

మన దగ్గరా 2007 నాటి విజయవాడ హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో డీఎన్ఏ రిపోర్టు ఉంది. 2010లో శిక్షపడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషి అంది. కారణం ఈ లెక్కే అనను. కానీ రిపోర్టులో 'కలిసింది' అన్న మాట పక్కన, ఎంతమందికి కలవొచ్చో కూడా రాసి తీరాలంటాను.

చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "అయితే మిగతా 84 మందిని గూడా స్టేషనుకు పిల్చినారా?"