పైకప్పు సరే, ఇల్లు ఏది? నారాయణ్‌పూర్ నేర్పే పాఠం

నిరాశ్రయులు అనగానే మన జవాబు దాదాపు ఖాయం: 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 17.7 లక్షల మంది, నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్. ఇంజినీరింగ్ చదివిన నాకూ ఇది పడకల లెక్కగానే కనిపించేది. బస్తర్ ఉదంతం చదివాక అభిప్రాయం మార్చుకున్నాను.

2022 డిసెంబరులో నారాయణ్‌పూర్, కొండగావ్ జిల్లాల్లోని పలు గ్రామాల నుంచి క్రైస్తవ ఆదివాసీలను వెళ్లగొట్టారు. మతం వదలండి, లేదంటే ఊరు వదలండి అన్నారని బాధితులు చెప్పారు. దాదాపు 1,000 మంది నిర్వాసితులయ్యారని ఒక నిజనిర్ధారణ బృందం పేర్కొంది. చాలామంది నారాయణ్‌పూర్ పట్టణం చేరితే, అధికారులు ఇండోర్ స్టేడియంలో ఉంచారు. 2023 జనవరి 2న అదే పట్టణంలో చర్చిపై దాడి జరిగింది. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీ తలకు గాయమైంది.

వీరికి ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. లేనిది అక్కడికి వెళ్లే ధైర్యం. స్టేడియం దాన్ని ఇవ్వలేదు.

రెండో వైపూ చూడాలి. ఇది అయిదో షెడ్యూలు ప్రాంతం. పెసా చట్టం, 1996 ఆచార సంప్రదాయాలను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఊరి దేవుళ్లు, పండుగలు, ఉమ్మడి కట్టుబాట్లు చెదిరిపోతాయన్న ఆదివాసీల ఆందోళనను తేలిగ్గా తీసెయ్యలేం. కానీ ఆచారాన్ని కాపాడే అధికారం మనిషిని వెళ్లగొట్టే అధికారం కాదు. 19(1)(ఇ), 25 అధికరణలు గ్రామ పొలిమేర దగ్గర ఆగిపోవు.

మరి మత సమాజాల బాధ్యత? తమవారికి అన్నం పెట్టడం ఏ మతానికైనా సహజమే. పక్క మతం వాడు వీధిన పడినప్పుడే అసలు పరీక్ష. పైన చెప్పిన బృందంలో యునైటెడ్ క్రిస్టియన్ ఫోరంతో పాటు సెంటర్ ఫర్ స్టడీ ఆఫ్ సొసైటీ అండ్ సెక్యులరిజం వంటి మతేతర సంస్థలూ ఉన్నాయి. అది మంచి ఆరంభం. అయితే ఊరి పెద్దలు, పూజారులు, పాస్టర్లు కలెక్టర్ సమక్షంలో ఒకే చోట కూర్చుని, తిరిగి వచ్చినవారికి రక్షణగా నిలిచినప్పుడే అది పూర్తవుతుంది.

కాబట్టి మెయిన్స్‌లో షెల్టర్ల సంఖ్య రాసి ఆగిపోకండి. ఎందరు క్షేమంగా ఇంటికి చేరారన్నదే పాలనకు కొలమానం అని ఒక్క వాక్యం చేర్చండి.

సాధన ప్రశ్న: "ఆశ్రయం కల్పించడం, ఆవాస హక్కును కాపాడటం ఒకటి కావు." చర్చించండి. (250 పదాలు)