విమానం దిగినంక వచ్చే పైసలు

విదేశాల్లో ఇంజనీరింగ్ చదివే మన పిల్లల కష్టసుఖాలు రాసేవాళ్లు చలి గురించి రాస్తారు. వంట రాక పడ్డ తిప్పలు, ఇంటి మీద బెంగ, మొదటి జీతం రాస్తారు. అవన్నీ నిజమే. కానీ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మాల మాదిగ వాడల నుంచి పోయిన బిడ్డకు మంచి రోజేదో చెడ్డ రోజేదో తేల్చే లెక్క వేరే ఉంది. పైసలు ఏ తేదీన చేతికి వచ్చాయన్నదే ఆ లెక్క.

తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పథకం ఉంది. ఏడాది ఆదాయం 5 లక్షల లోపున్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలకు 20 లక్షల దాకా ఇస్తుంది. ఇది కొట్లాడి నిలబెట్టుకోవాల్సిన పథకం. అయితే దాని నియమం చూడండి. మొదటి 10 లక్షలు అక్కడ దిగి, ఐ-94 లాంటి ప్రవేశ పత్రం చూపించాక. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. మరి దిగకముందు? పరీక్షల ఫీజు, దరఖాస్తుల ఫీజు, వీసా ఫీజు, విమానం టికెట్. పైగా అమెరికా యూనివర్సిటీ ఐ-20 ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము ముందే చూపించాలి.

ఆస్తి ఉన్నోళ్లకు ఇది ఒక సంతకం పని. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. మన దగ్గర ఉన్నది అసైన్డ్ పట్టా. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు. అమ్మలేని ఎకరం చూసి ఏ మేనేజర్ 20 లక్షలు రాస్తాడు? అందుకే నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెస్తారు. గల్ఫ్ పోయేటప్పుడు తండ్రి కూడా ఇట్లనే తెచ్చాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఈ తొవ్వ అందరికీ ఎరుకే. అప్పుడు ఏజెంటు, ఇప్పుడు కన్సల్టెన్సీ. మిత్తికిచ్చేవాడు మాత్రం మారలేదు.

మా వాడ పిల్ల ఒకామె అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. తల్లి బీడీలు చుడుతుంది. ఎఫ్-1 వీసా మీద చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. క్యాంపస్ మెస్సులో గిన్నెలు కడిగి, రాత్రి ల్యాబ్‌కు పోతుంది. ప్రొఫెసర్ మెచ్చుకున్న రోజు నాకు మెసేజ్ పెడుతుంది. "అన్నా, వీడియో కాల్‌ల మంచు చూపిస్తే అమ్మ మురుస్తది. మిత్తి ముచ్చట తీస్తే మాత్రం సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేస్తది" అన్నది ఒకసారి.

మొదటి సెమిస్టర్ ఫలితాలు డిసెంబర్‌లో వస్తాయి, రెండో సెమిస్టర్ జనవరిలో మొదలు. ఆ మధ్య విడత ఆలస్యమైతే ఫీజు ఆగుతుంది. ఫీజు ఆగితే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. అది ఆగితే వీసా హోదాకే ఎసరు. పెట్రోల్ బంకుల్లో, రెస్టారెంట్లలో దొంగచాటు పనికి పిల్లలు దిగేది ఇలాంటి నెలల్లోనే. పట్టుబడితే తిరుగు విమానమే.

గది వెతుక్కోవడం ఇంకో పరీక్ష. తెలుగువాళ్ల గదిలో మొదటి ప్రశ్న ఇంటిపేరు. రెండోది ఏం తింటారని. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. అక్కడి సభలే ఇంత చర్చిస్తుంటే, మనవాళ్లు ఇంకా "అమెరికాలో కులమెక్కడిది?" అంటారు.

బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. 1917లో దాని గడువు తీరి, లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, కూడబెట్టి, అప్పు తెచ్చి 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డీఎస్సీ అందుకున్నారు. ఆయన పట్టుదల గురించి జయంతి సభల్లో అందరం మాట్లాడతాం. పైసలు ఆగి పోయిన ఆ మూడేళ్ల గురించి మాట్లాడం. ఆయన పేరు పెట్టిన పథకం ఈ పిల్లల ఏండ్లు గుంజుకోవద్దు.

అడిగేది మూడే. వీసా చేతికి రాగానే మొదటి విడత ఇవ్వాలి. రెండో విడతకు తేదీ ఖరారు చేయాలి, దాటితే మిత్తి ప్రభుత్వమే కట్టాలి. తాకట్టు లేని కుటుంబానికి ఎస్సీ కార్పొరేషన్ బ్యాంకు దగ్గర హామీ నిలవాలి. ముందే ఇస్తే దుర్వినియోగం అవుతుందంటారా? ఫీజు నేరుగా యూనివర్సిటీకే కట్టండి, ఎవరూ కాదనరు.

మిత్రులారా, మీ వాడల నుంచి పోయిన పిల్లలను అడగండి. ఏ విడత ఏ తేదీన వచ్చిందో, అప్పటిదాకా మిత్తి ఎంత పెరిగిందో రాసి పెట్టండి. రేపు కలెక్టరేట్ ముందు నిలబడితే ఆ కాగితం మన చేతిలో ఉండాలి.

జై భీమ్.