చిన్న డేటాబేసును నమ్మవచ్చునా?

వెబ్‌సైటు నిర్మించదలచిన విద్యార్థుల నడుమ ఒక వాదము తరచుగా వినవచ్చుచున్నది. ఎస్‌క్యూలైట్ వంటి తేలికపాటి డేటాబేసు అభ్యాసమునకే గాని నిజమైన వాడుకకు పనికిరాదని పలువురి భావన. చిన్నదైన ప్రతిదియు బలహీనమని తలచుట సరికాదని మా అభిప్రాయము.

దీని నిర్మాత రిచర్డ్ హిప్. అమెరికా యుద్ధనౌకకు సంబంధించిన సాఫ్ట్‌వేరుపై పనిచేయుచుండగా, డేటాబేసు సర్వరు ఆగినప్పుడెల్ల ప్రోగ్రాము కూడ నిలిచిపోవుట చూచి, సర్వరే అక్కరలేని దీనిని 2000లో వెలువరించిరి. సమాచారమంతయు ఒకే ఫైలులో నుండును. నేడు మన చేతిలోని ఫోనులలో పనిచేయుచున్నది ఇదియే. వ్రాయుచుండగా విద్యుత్తు పోయినను, ఆ మార్పు పూర్తిగా నిలుచునట్లో, పూర్తిగా రద్దగునట్లో దీనిని రూపొందించిరి; సగములో విడువదు.

అయితే దీనికి హద్దులు లేకపోలేదు. గ్రంథాలయములో ఎందరైనను కూర్చుండి చదువవచ్చును. రిజిస్టరులో మాత్రము ఒక్కొక్కరే వ్రాయవలెను. ఇచ్చటను అంతే. 2010లో వచ్చిన 'వాల్' పద్ధతి వలన ఒకరు వ్రాయుచుండగా ఇతరులు చదువగలుగుచున్నారు గాని, వ్రాయువారు వరుసలో నిలువవలసినదే. ఒక్కొక్క వ్రాత సాధారణముగా మిల్లీసెకన్లలో ముగియును గనుక ఆ వరుస త్వరగా కదలును. రోజునకు లక్ష హిట్లు దాటని సైటుకు ఇది చాలునని నిర్మాతలే చెప్పుచున్నారు. వారి సైటు సైతము దీనిపైననే నడుచుచున్నది. అనేక సర్వరులు ఒకేసారి వ్రాయవలసిన చోట పోస్ట్‌గ్రెస్ వంటి దానిని ఆశ్రయించుటయే వివేకము.

కళాశాల సైటు సంగతి చూడుడు. ఫలితములు వెలువడిన దినమున చదువువారు వేలమంది, వ్రాయువారు ఒకరిద్దరు. ఇంతమాత్రమునకు పెద్ద సర్వరును తెచ్చి, దానిని కనిపెట్టియుండు మనిషిని నియమింపకపోయినచో, ఆ పెద్దరికమే ప్రమాదము.

నిజమైన ముప్పు మన అజాగ్రత్తలో నున్నది. ఫైలును నెట్‌వర్కు డ్రైవుపై నుంచుట, సైటు నడుచుచుండగా దానిని మామూలుగా కాపీచేసి అదియే బ్యాకప్ అనుకొనుట పొరపాట్లు. నడుచుచుండగనే సరియైన నకలు తీయు సాధనము అందులోనే కలదు, దానిని వాడవలెను. ఆ నకలును వేరొక యంత్రముపై నుంచి, అప్పుడప్పుడు తెరచి చూడవలెను.

విద్యార్థి మార్కులు పోయినచో నష్టపోవునది యంత్రము గాదు, విద్యార్థి. కావున కళాశాల సంఘము వారు "ఏ డేటాబేసు?" అని అడుగుటకు ముందు, "నకలు ఎచ్చట నున్నది? దానిని తెరచి చూచినవారెవరు?" అని అడుగవలెనని మా మనవి.