పిన్ పెట్టే ముందు చేనుగల ఆయన్ని అడిగారా?

ఫోన్ పట్టుకుని వెతికే ఆటల్లో నాకు బాగా నచ్చింది జియోకాషింగ్. రూల్ చాలా సింపుల్. ఎవరో ఒకరు ఎక్కడో ఓ డబ్బా దాస్తారు. దాని అక్షాంశం, రేఖాంశం యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి, డబ్బా వెతికి, అందులో ఉన్న చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేసి వస్తారు. ప్రైజ్‌మనీ ఏమీ ఉండదు. దొరికిందన్న మజాయే ప్రైజు.

ఇది పుట్టిన కథ కూడా తమాషాగా ఉంటుంది. 2000 సంవత్సరం మే నెల దాకా అమెరికా తన జీపీఎస్ సిగ్నల్‌ని మామూలు జనానికి కావాలనే కాస్త తప్పుగా ఇచ్చేది. ఆ నెల మొదట్లో ఆ అడ్డు తీసేసింది. వెంటనే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో రోడ్డు పక్కన ఓ బకెట్ దాచి, 'దొరుకుతుందేమో చూడండి' అని లొకేషన్ ఇంటర్నెట్‌లో పెట్టాడు. కొద్ది రోజుల్లోనే దొరికేసింది. ఆ ఒక్క బకెట్ నుంచే ఇప్పుడు ప్రపంచమంతా డబ్బాలు.

ఈ ఆటలో చాలామంది పట్టించుకోని రూల్ ఒకటుంది. డబ్బా పెట్టేముందు ఆ నేల ఎవరిదో వాళ్ల పర్మిషన్ తీసుకోవాలి. గొయ్యి తవ్వి పాతిపెట్టకూడదు. చుట్టుపక్కల పక్షులు గూడు పెట్టుకునే రోజుల్లో డబ్బాని యాప్‌లో కొన్నాళ్లు ఆపేయొచ్చు. నేల యజమాని వద్దంటే శాశ్వతంగా తీసేయాలి. అంటే ఇది వెతకడానికే పుట్టిన ఆటే అయినా, ఎక్కడ వెతకకూడదో కూడా చెబుతుంది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర డబ్బాల ఆట పెద్దగా లేకపోయినా, అదే ఆట పక్షులతో నడుస్తోంది. ఎవరిదో చేను. అందులో ఓ అరుదైన పక్షి వాలింది. ఎవరో ఫోటో తీశారు. గ్రూపులో ఫోటో పడిన నిమిషానికి కింద మొదటి మెసేజ్ 'లొకేషన్ ప్లీజ్'. రెండోది 'బ్రో, పిన్ పెట్టవా'. ఇలాంటి గ్రూపుల్లో నేనూ ఉన్నాను. పిన్ పడ్డాక ఆదివారానికి గట్టు మీద నాలుగు కార్లు.

డబ్బాకీ పక్షికీ ఓ తేడా ఉంది కదా. డబ్బాని దొరకాలనే దాస్తారు. పక్షి మాత్రం దొరక్కూడదనే దాక్కుంటుంది. దగ్గరికెళ్లిన కొద్దీ అది గూడు వదిలి లేస్తుంది. గుడ్లు ఎండకు మాడతాయి, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. మనకు దొరికేది ఒక ఫోటో. దానికి పోయేది ఆ ఏటి సంతానం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లనీ, గూళ్లనీ చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. సొంత చేనైనా సరే, పక్కవాడి చేనైనా సరే.

ఇక చేనుగల ఆయన సంగతి. ఆయన పక్షిని తిట్టుకోడు. ముందు మనల్ని తిట్టుకుంటాడు. తొక్కేసిన మడి, తీసి వదిలేసిన కంచె, పడేసిన వాటర్ బాటిళ్లు ఒక బాధ. దానికంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. 'ఈ పక్షి సంగతి బయటపడితే నా పొలం ఏమైపోతుందో' అన్న భయం.

ఆ భయం ఉత్తిది కాదు. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో 1981లో బట్టమేక పక్షుల కోసం అభయారణ్యం ప్రకటించారు. ఊళ్లవాళ్ల సొంత పొలాలు కూడా అందులో కలిసిపోయాయి. ఆ భూములు అమ్ముకోవడం కుదరక జనం విసిగిపోయారు. బట్టమేక అంటేనే మంట పుట్టే పరిస్థితి వచ్చింది. కొన్నేళ్లకు అక్కడ బట్టమేకలే కనిపించకుండా పోయాయి. రైతుకి పక్షి నష్టంగా మారితే, చివరికి ఓడిపోయేది పక్షే.

అదే రైతు 'ఇవి మా ఊరి పక్షులు' అనుకుంటే కథ వేరుగా ఉంటుంది. హిందూపురం వైపు వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద ఇళ్లు, పైన పిల్లల గోల. రెట్టల వాసన భరించడం సరదా పని కాదు. అయినా ఊరు వాటిని చుట్టాల్లా చూసుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అంతే. ఈ ఊళ్లకి జనం వెళ్తారు, చూస్తారు. ఎందుకంటే ఊరే రమ్మంది. తేడా అంతా అక్కడే ఉంది.

అలాగని లొకేషన్ ఎవరికీ చెప్పకుండా నోరు మూసుకుంటే చాలా? అదీ కుదరదు. మన కలివికోడి కథ తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనే అనుకున్న పక్షి ఇది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. వెతికినది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్. పట్టుకున్నది స్థానిక వేటగాడు ఐతన్న. పట్టుబడ్డ ఆ పక్షి బతకలేదు. ఆ తర్వాత దాని కోసమే 1988లో లంకమల అభయారణ్యం వచ్చింది. తర్వాతి పరిశోధకులు పక్షి వెంట పరిగెత్తకుండా, పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే పాదముద్రలు చూసేవాళ్లు. పక్షిని కదిలించకుండానే పక్షి ఉందని తెలుసుకోవడం అది.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం యంత్రాలు ఆ పొదల మీదికే వచ్చాయి. అక్కడ ఆ పక్షి ఉన్నట్టు రికార్డులు లేకపోతే, ఆపమని అడిగే ఆధారమే ఉండేది కాదు. రికార్డులు ఉన్నాయి కాబట్టే అభ్యంతరం నిలబడింది, కాలువ దారి మారింది. కాబట్టి లొకేషన్ రహస్యంగా దాచేసేదీ కాదు, ఊరంతా చాటేదీ కాదు. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పాల్సింది.

ఫోన్ చేతిలో ఉన్న మనం చేయగలిగింది ఏంటంటే:

మొదటిది, పొలంలోకి దిగేముందు పెద్దాయన్ని అడగండి. 'పెద్దాయనా, ఓ పక్షిని చూసిపోతాం, రావచ్చా?' అన్న ఒక్క మాట. వద్దంటే వద్దు. రమ్మంటే గట్టు మీదనుంచే చూడండి. పొలంలో ఏ పిట్ట ఎప్పుడు వస్తుందో ఆయనకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

రెండోది, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి. లేదంటే మీరు పిన్ పెట్టకపోయినా ఫోటోలోనే పిన్ దాక్కుని ఉంటుంది. వాట్సాప్‌లో ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపితే అది అవతలివాళ్ల దాకా వెళ్లిపోతుంది. వెనకాల కనిపించే సెల్ టవర్, ఊరి పేరున్న బోర్డు కూడా చూసుకోండి. వాటితోనే చోటు కనిపెట్టేసేవాళ్లు ఉన్నారు.

మూడోది, రికార్డు మాత్రం తప్పకుండా పెట్టండి. ఈబర్డ్‌లో ముప్పున్న పక్షుల జాబితా ఒకటుంది. ఆ జాబితాలోని పక్షిని మీరు ఎక్కడ చూశారో కచ్చితంగా బయటికి చూపించరు, 20 కిలోమీటర్ల పెద్ద గడిగానే చూపిస్తారు. జాబితాలో లేని పక్షి అయితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి పెట్టండి. గూడు ప్రమాదంలో ఉంటే అటవీశాఖకి ఫోన్ చేయండి.

నాలుగోది, ఎవరైనా 'పిన్ పెట్టవా' అని అడిగితే 'ఆ రైతుని అడిగి చెప్తా' అనండి. ఫ్రెండ్‌ని కాదన్నట్టు ఉండదు, అబద్ధమూ ఉండదు. నిజంగానే అడగండి. ఆయన సరే అంటే మీరిద్దరూ కలిసి వెళ్లండి, ఆయన ఇంటి ముందు ఓ టీ తాగి రండి. వద్దంటే వచ్చే ఏడాది మళ్లీ అడగొచ్చు. పక్షి అక్కడే ఉంటే.